పీహెచ్‌డీ చేస్తూ ల్యాబు తరగతులు చూసుకోవడం నష్టమా?

నమస్కారం అమ్మా. మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ముందుగా చెబుతాను. భౌతిక రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తి చేశారు, సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (నెలనెలా భృతి ఇచ్చే పరిశోధక ఫెలోషిప్) సాధించారు. ఇంటికి దగ్గరలోని రాష్ట్ర విశ్వవిద్యాలయంలో వర్ణపట శాస్త్రం (స్పెక్ట్రోస్కోపీ, అంటే పదార్థాలు కాంతిని పీల్చుకునే, వెలువరించే తీరును చదివే శాస్త్రం) మీద పనిచేసే ఒక ఆచార్యులు మిమ్మల్ని తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. అయితే ఆయన భౌతిక శాస్త్ర విభాగానికి చెందినవారు. తన దగ్గర చేరినవాళ్లు వారానికి రెండు రోజులు ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం ల్యాబు చూసుకోవాలని ముందే చెప్పారు. పైగా అక్కడ పెద్ద పరికరాలు లేవు. ల్యాబు తరగతుల వల్ల పరిశోధన కుంటుపడుతుందా, పరికరాలు లేని చోట చేరడం తెలివైన పనేనా, రసాయన శాస్త్రం చదివి భౌతిక శాస్త్రం వైపు వెళ్తే రేపు ఉద్యోగాల వేళ రెంటికీ చెడిపోతానా అన్నవి మీ సందేహాలు. ల్యాబు నోట్సు చేత్తో రాయాలా, కంప్యూటరులోనా అని చివర్లో ఇంకో మాట కూడా అడిగారు.

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ముప్పయ్యేళ్లకు పైగా రసాయన శాస్త్రం బోధించి, ప్రతిదీప్తి (ఫ్లోరెసెన్స్, అంటే కాంతిని పీల్చుకున్న పదార్థం తిరిగి వెలువరించే వెలుగు) వర్ణపటాల మీద పరిశోధన చేసి, చేయించి, పదవీ విరమణ పొందినవాణ్ణి. మీ మొదటి సందేహానికే ఎక్కువ చోటు ఇస్తాను, ఎందుకంటే ఈ విషయంలో మన విద్యార్థులకు వాళ్ల సీనియర్లు తప్పు సలహా ఇవ్వడం నేను ఏళ్ల తరబడి చూశాను.

మొదట నిబంధన సంగతి. 2022 నాటి యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ప్రతి పరిశోధక విద్యార్థి తన విషయంలో బోధనకూ రచనకూ సంబంధించిన శిక్షణ పొందాలి. ట్యుటోరియల్, ల్యాబు, మూల్యాంకనం వంటి పనులు వారానికి నాలుగు నుంచి ఆరు గంటల వరకు అప్పగించవచ్చు. మీ ఆచార్యులు చెప్పిన రెండు రోజులూ మూడేసి గంటల చొప్పున అయితే అది సరిగ్గా ఆ హద్దులోనే ఉంది. ఆ హద్దు దాటి, ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టుల భారమంతా పరిశోధక విద్యార్థుల మీద వేసి, ఒక పూర్తి థియరీ పేపరు చెప్పించి, జవాబు పత్రాలు దిద్దించి, అడ్మిషన్ల పని కూడా చేయించుకునే విభాగాలు ఉన్నాయి. అది నిజంగానే నష్టం, అటువంటి చోట చేరవద్దనే నేను చెబుతాను. కాబట్టి చేరే ముందు అక్కడి మూడో సంవత్సరం పరిశోధక విద్యార్థిని ఒకరిని పట్టుకుని, గత సోమవారం నుంచి శనివారం దాకా ఏ గంటలో ఏం చేశారో అడగండి. స్థూలంగా ఎలా ఉంటుందని అడిగితే అందరూ బాగుంటుందనే అంటారు. ఒక్క వారం లెక్క అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

హద్దులో ఉన్న ల్యాబు పని మాత్రం మీ పరిశోధన నుంచి కోసుకుపోయే సమయం కాదు. అది పరిశోధనకే పునాది అని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకు నమ్ముతానో చెప్పడానికి ఒక ప్రయోగాన్ని దగ్గరగా చూపిస్తాను.

పొటాషియం పర్మాంగనేట్‌తో బీర్-లాంబర్ట్ నియమాన్ని సరిచూసే ప్రయోగం మీరూ చేసి ఉంటారు. 525 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ భాగంలో, ఆ ద్రావణం కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. అందుకే మన కంటికి ఊదా రంగులో కనిపిస్తుంది. ఆ నియమం ప్రకారం గాఢత రెట్టింపైతే శోషణ (ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుందో చెప్పే కొలత) రెట్టింపు కావాలి, గ్రాఫు మూలబిందువు నుంచి సరళరేఖగా సాగాలి. విద్యార్థులు ఆరేడు ద్రావణాలు కలుపుతారు. మొదటి నాలుగు బిందువులు ముచ్చటగా గీత మీద కూర్చుంటాయి, చివరి రెండూ కిందికి వంగుతాయి. ఇక్కడే అసలు పరీక్ష మొదలవుతుంది. నూటికి తొంభై మంది విద్యార్థులు ఆ రెండు బిందువులను చెరిపేసి, గీత మీదికి జరిపి, రికార్డు పూర్తి చేస్తారు. పాత రికార్డులలో రావలసిన విలువ ఏమిటో వాళ్లకు ముందే తెలుసు కదా. సంతకం పెట్టేవారు అటు చూడకపోతే ఆ అబద్ధం అక్కడే స్థిరపడుతుంది.

ఆ వంపు ఎక్కడి నుంచి వచ్చిందని ఆగి అడిగే ఒక్క మనిషి ఆ గదిలో ఉంటే కథ మారిపోతుంది. శోషణ 1 అంటే పడిన కాంతిలో పదోవంతు, 2 అంటే నూరోవంతు, 3 అంటే వెయ్యోవంతు మాత్రమే ద్రావణం దాటి వస్తున్నదని అర్థం. పరికరం లోపల అటూ ఇటూ చెదిరి, మనం ఎంచుకున్న తరంగదైర్ఘ్యంతో సంబంధం లేకుండా డిటెక్టరును చేరే కాంతి అర శాతం ఉందనుకోండి. శోషణ 1 ఉండవలసిన చోట పరికరం 0.98 చూపుతుంది, ఆ తేడాను ఎవరూ పట్టించుకోరు. 2 ఉండవలసిన చోట 1.83 చూపుతుంది. 3 ఉండవలసిన చోట 2.22 దగ్గరే ఆగిపోతుంది. వెయ్యోవంతు కాంతిని కొలవబోతే, దానికి అయిదు రెట్ల దొంగ కాంతి వచ్చి కలిసిందన్నమాట. ఈ లెక్కను కాగితం మీద వేసి చూపించిన తరువాత, అదే విద్యార్థులు వంగిన గ్రాఫును వంగినట్లుగానే గీసి, పక్కన కారణం రాసి తెచ్చినప్పుడు నాకు కలిగిన సంతోషం కొన్ని పరిశోధన పత్రాలు అచ్చైనప్పుడు కూడా కలగలేదు.

ఇది నాకు వేరే దారిలో ఎంత మేలు చేసిందో చెబుతాను. నా దగ్గర మూడో సంవత్సరంలో ఉన్న ఒక పరిశోధక విద్యార్థి, ప్రతిదీప్తి నిచ్చే ఒక సేంద్రియ పదార్థానికి ఫెర్రిక్ (ఇనుము) అయాన్లు కలిపితే దాని వెలుగు తగ్గిపోతోందని గమనించాడు. ఎంత ఎక్కువ ఫెర్రిక్ కలిపితే అంత తగ్గుదల. చివరి ద్రావణంలో వెలుగు మూడోవంతుకు పడిపోయింది. ఫెర్రిక్ అయాన్లను పసిగట్టే కొత్త పదార్థం దొరికిందని ఇద్దరం సంబరపడ్డాం. ఆరు నెలల కొలతలు, గ్రాఫులు, పత్రం చిత్తుప్రతి, అన్నీ సిద్ధమయ్యాయి.

ఆ వారంలోనే ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం ల్యాబులో క్వినైన్ సల్ఫేట్ ప్రయోగం నడుస్తోంది. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో క్వినైన్‌ను కరిగించి అతినీలలోహిత దీపం ముందు పెడితే నీలి వెలుగు వస్తుంది. పిల్లలకు ఎంతో ఇష్టమైన ప్రయోగం అది. ఒక అమ్మాయి పొరపాటున మాతృ ద్రావణాన్ని పలుచన చేయకుండానే కువెట్‌లో (కొలతకు ద్రావణం పోసే చిన్న పారదర్శక పాత్రలో) పోసింది. దీపం దగ్గరికి తీసుకెళ్లి, కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, నన్ను పిలిచి చూపించింది: “సార్, దీపం వైపున్న గోడ దగ్గర మాత్రమే వెలుగుతోంది, మధ్యలో చీకటిగా ఉంది. కాంతి అక్కడిదాకా పోవడం లేదా?” నేను వంగి చూశాను. దీపం వైపు గాజు అంచున ఒక సన్నని నీలి పొర. దాని వెనుక ద్రావణం మామూలు నీళ్లలా ఉంది. ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. గాఢమైన ద్రావణంలో కాంతి మొదటి పొరలోనే ఖర్చైపోతుంది, లోపలికి చేరేది అతి తక్కువ.

ఆ మాట నా చెవిలో పడగానే మా ఫెర్రిక్ ప్రయోగం గుర్తుకు వచ్చింది. ప్రతిదీప్తిని కొలిచే పరికరం సాధారణంగా కువెట్ మధ్య భాగాన్ని లంబ దిశ నుంచి చూస్తుంది. మేము పదార్థాన్ని ఉత్తేజపరచడానికి (అది వెలిగేలా చేయడానికి) వాడుతున్నది 350 నానోమీటర్ల కాంతి. ఫెర్రిక్ ద్రావణం కూడా ఆ ప్రాంతంలో కాంతిని పీల్చుకుంటుంది కదా? అదే జరుగుతుంటే, మా పదార్థానికి ఏమీ కాలేదు. దానికి అందవలసిన కాంతిని ఫెర్రిక్ దారిలోనే మింగేస్తోంది. ఆ సాయంత్రమే శోషణ కొలిచాం. చివరి ద్రావణంలో ఉత్తేజ తరంగదైర్ఘ్యం దగ్గర శోషణ 0.9, వెలువడే కాంతి తరంగదైర్ఘ్యం దగ్గర 0.1 వచ్చింది. ఈ రెంటి మొత్తంలో సగాన్ని పదికి ఘాతాంకంగా వేసి, వచ్చిన సంఖ్యతో కొలిచిన వెలుగును గుణించడం అందరూ వాడే ఉజ్జాయింపు సవరణ. మా లెక్కలో అది పదికి 0.5 ఘాతం, అంటే 3.16 రెట్లు. మూడోవంతుకు పడిపోయిందనుకున్న వెలుగు, సవరణ తరువాత మొదటి విలువకే వచ్చి చేరింది. ఫెర్రిక్ ఆ పదార్థాన్ని తాకనే లేదు.

పత్రాన్ని పక్కన పెట్టేశాం. ఆ అబ్బాయి రెండు రోజులపాటు ఎవరితోనూ మాట్లాడలేదు. కానీ అచ్చైన తరువాత ఎవరో ఎత్తి చూపే బదులు, అచ్చుకు వెళ్లే ముందే మా గదిలోనే తేలిపోయింది. ఇదే పొరపాటుతో అచ్చైన పత్రాలు ఈనాటికీ కనిపిస్తాయి. ప్రతిదీప్తి తగ్గింది అని చెప్పే పత్రం చదివేటప్పుడు, ఉత్తేజ తరంగదైర్ఘ్యం దగ్గర శోషణ ఎంతో ఇచ్చారా అని మీరు మొదట వెతకండి. శోషణ 0.1 లోపల ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు, అది దాటితే సవరణ చేశారో లేదో చూడాలి.

గమనించండి, మాలో ఎవరికీ ఈ సంగతి తెలియక కాదు. సంవత్సరానికోసారి పాఠంలో చెబుతూనే ఉన్నాను. ఫలితం మీద మోజు పడ్డప్పుడు, తెలిసిన విషయం కూడా కంటికి ఆనదు. ఏ ఫలితం మీదా మోజు లేని, మొదటిసారి చూస్తున్న కళ్లు మన మధ్య ఉండాలి, అవి ల్యాబు తరగతిలో మాత్రమే వారానికి రెండుసార్లు తప్పకుండా దొరుకుతాయి. ఆక్సాలిక్ ఆమ్లానికి పర్మాంగనేట్ బొట్టుబొట్టుగా వేసేటప్పుడు మొదటి బొట్టు రంగు పోవడానికి అంతసేపు ఎందుకు పట్టింది, తరువాతి బొట్లు అంత త్వరగా ఎందుకు పోతున్నాయి అని ఒక పిల్లవాడు అడిగితే, చర్యలో పుట్టే మాంగనీస్ అయాన్లే ఆ చర్యను వేగవంతం చేస్తాయన్న సమాధానం మీరు చెప్పాలి. చెప్పిన తరువాత, అది ఎలా తెలుసు అని అతను మళ్లీ అడుగుతాడు. మొదటి బొట్టుకు ముందే చిటికెడు మాంగనీస్ సల్ఫేట్ వేసి చూపండి. ఒక మాటను ప్రయోగంతో నిలబెట్టడం అంటే ఏమిటో మీ చేతికి అలా అలవాటవుతుంది. పీహెచ్‌డీ వైవాలో మిమ్మల్ని అడిగేదీ అదే ప్రశ్న.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ల్యాబు చూసుకోవడమంటే హాజరు వేసి, రికార్డుల మీద సంతకాలు పెట్టి, మూలన కూర్చుని ఫోను చూసుకోవడం అయితే, అది మీకూ వాళ్లకూ వృథాయే. ద్రావణాలు మీరే కలపండి. పర్మాంగనేట్‌ను కలిపిన రోజే వాడవద్దు. కొంతకాలం నిలవనిచ్చి, గాజు దూది గుండా వడగట్టి, ముదురు రంగు సీసాలో పెట్టండి. ప్రయోగాన్ని ముందు రోజు మీరే ఒకసారి చేసి, మీ విలువ ఎంత వచ్చిందో రాసి పెట్టుకోండి. విద్యార్థుల అబ్జర్వేషన్ పుస్తకంలో కొట్టివేతలు లేకుండా ముత్యాల్లాంటి అంకెలు ఉంటే మెచ్చుకోకండి, అనుమానించండి.

ఇక పరికరాల సంగతి. పెద్ద పరికరాలు లేని విశ్వవిద్యాలయంలో మంచి పరిశోధన సాధ్యమే. కానీ అది ఎలాంటి ప్రశ్న ఎంచుకున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. కలకత్తాలో రామన్, కృష్ణన్ 1928లో కొత్త కాంతి పరిక్షేపణాన్ని (రామన్ ప్రభావాన్ని) చూసింది పాదరసపు దీపం, రంగు ఫిల్టర్లు, చిన్న వర్ణపటదర్శినితోనే. అయితే ఈ ఉదాహరణను అడ్డం పెట్టుకుని ఈ రోజు పరికరాలే అక్కరలేదనడం సరికాదు. ఆనాడు ఆ పరికరాలు ఆ ప్రశ్నకు సరిపోయాయి. మీ ప్రశ్నకు కావలసినవి ఏమిటో, వాటిలో ఏవి చేతిలో ఉన్నాయో, ఏవి బయట దొరుకుతాయో మీ ఆచార్యులతో కూర్చుని ముందే లెక్క వేసుకోవాలి.

బయట దొరికే దారులు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఐఐటీ మద్రాస్ వంటి చోట్ల ఉన్న అధునాతన విశ్లేషణ పరికరాల కేంద్రాలు బయటివారి నమూనాలను రుసుము తీసుకుని పరీక్షిస్తాయి. అణుశక్తి శాఖకు చెందిన పెద్ద సదుపాయాలను విశ్వవిద్యాలయాల వారు వాడుకోవడానికే యూజీసీ-డీఏఈ కన్సార్టియం ఏర్పడింది. ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ (తీవ్రమైన ఎక్స్-కిరణాలు ఇచ్చేది) వంటి పెద్ద యంత్రం దగ్గర కొలతలు తీసుకోవడానికి ప్రతిపాదన రాసి పంపవచ్చు. ఏ పరికరం దేశంలో ఎక్కడ ఉందో ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతకవచ్చు. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ప్రభుత్వ విశ్వవిద్యాలయాల వారికి అంతర్జాతీయ పత్రికలు అందుబాటులోకి వచ్చాయి కాబట్టి, ఒక పత్రం కోసం హైదరాబాదులోని స్నేహితుణ్ణి బతిమాలుకునే రోజులు పోయాయి.

కానీ నమూనాను కొరియర్‌లో పంపి, వారం తరువాత ఈమెయిల్‌లో వర్ణపటం తెప్పించుకుని, దాన్ని అలాగే థీసిస్‌లో అతికించే అలవాటు మన దగ్గర బాగా పాతుకుపోయింది. దాన్ని మీరు అలవరచుకోవద్దు. వీలైన ప్రతిసారీ నమూనాతో పాటు మీరూ వెళ్లండి. ఫెర్రిక్ సంగతి తేలిన తరువాత, ఆ పదార్థపు ఉత్తేజ స్థితి ఎన్ని నానోసెకన్లు నిలుస్తుందో కొలవడానికి ఆ అబ్బాయిని రాత్రి రైలెక్కించి ఒక కేంద్రానికి పంపాను. ఫెర్రిక్ ఉన్నా లేకపోయినా ఆ కాలం మారలేదని అక్కడ తేలింది. అంతకంటే ముఖ్యంగా, అక్కడి ఆపరేటర్ పక్కన రెండు రోజులు కూర్చుని, దీపం నుంచి వచ్చే మెరుపు ఎంత వెడల్పుగా ఉంటుందో, దాన్ని కొలత నుంచి ఎలా వేరు చేస్తారో నేర్చుకుని వచ్చాడు. తిరిగి వచ్చాక అతను అడిగే ప్రశ్నల తీరే మారిపోయింది.

మీ విభాగంలో ఉన్న చిన్న పరికరాలను కూడా తక్కువగా చూడవద్దు. గాజు కువెట్ దాదాపు 340 నానోమీటర్ల కిందికి వెళ్లేసరికి తానే కాంతిని పీల్చుకోవడం మొదలుపెడుతుందని, అక్కడ క్వార్ట్జ్ వాడాలని తెలియక నెలల తరబడి తప్పు వర్ణపటాలు తీసినవారిని నేను చూశాను. చిన్న పరికరాన్ని ఆమూలాగ్రం తెలుసుకున్నవారికి పెద్ద పరికరం దగ్గర భయం ఉండదు. ఢిల్లీలోని అంతర విశ్వవిద్యాలయ యాక్సిలరేటర్ కేంద్రం కళాశాలల కోసం రూపొందించిన ఎక్స్‌ప్‌ఐస్ వంటి చవక పరికరంతో, ఒక ఎల్‌ఈడీ, ఒక ఫోటోడయోడ్ జోడించి మీ విద్యార్థులతోనే చిన్న వర్ణమాపకం (కలరిమీటర్) తయారు చేయించవచ్చు. అందులో ఎంత దొంగ కాంతి చొరబడుతుందో వాళ్లు స్వయంగా కొలుస్తారు.

మూడో సందేహం, భౌతిక శాస్త్రమా, రసాయన శాస్త్రమా అన్నది. ఇక్కడ మన నేల చరిత్ర ఒకటి గుర్తు చేయాలనిపిస్తోంది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, 1930లలో సూరి భగవంతం భౌతిక శాస్త్రంలోనూ, టి. ఆర్. శేషాద్రి రసాయన శాస్త్రంలోనూ పనిచేశారు. భగవంతం కలకత్తాలో రామన్ శిష్యుడు; శేషాద్రి మాంచెస్టర్‌లో సేంద్రియ రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి వచ్చినవారు. వాల్తేరులో శేషాద్రి తన విద్యార్థులతో కలిసి ఎంచుకున్న పదార్థాల్లో పత్తి పువ్వుల రంగులు కూడా ఉన్నాయి. పొలంలో పూచే పువ్వునే ప్రశ్నగా మలుచుకున్న ఆ ఎంపికను నేను ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటాను. ఇక భగవంతం, గణిత శాస్త్రజ్ఞుడు వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతాన్ని (గ్రూప్ థియరీ, సమరూపతను వివరించే గణితం) భౌతిక సమస్యలకు అన్వయిస్తూ రాసిన పుస్తకాన్ని విశ్వవిద్యాలయమే 1948లో అచ్చు వేసింది. కార్బన్ డై ఆక్సైడ్ అణువు సమరూపంగా కంపిస్తే ఆ కంపనం రామన్ వర్ణపటంలో కనిపించి, పరారుణ వర్ణపటంలో ఎందుకు కనిపించదో మీరు ఎమ్మెస్సీలో అణువు సమరూపతను చూపే క్యారెక్టర్ టేబుళ్లు వేసి తేల్చారే, ఆ విద్య అదే. ఒక భౌతిక శాస్త్రజ్ఞుడు, ఒక గణిత శాస్త్రజ్ఞుడు కలిసి రాసిన విషయం నేడు రసాయన శాస్త్రం సిలబస్‌లో ఉంది.

అదే విశ్వవిద్యాలయంలో వర్ణపట శాస్త్రానికి పేరు తెచ్చిన కె. రంగధామరావు, లండన్‌లో వర్ణపట శాస్త్రజ్ఞుడు ఫౌలర్ దగ్గర పనిచేసి వచ్చి, తరువాతి కాలంలో న్యూక్లియర్ క్వాడ్రుపోల్ రెజొనెన్స్ (పరమాణు కేంద్రకాలు రేడియో తరంగాలకు స్పందించే తీరు) మీద ఒక పరిశోధక బృందాన్ని తయారు చేశారు. ఆ పద్ధతిలో క్లోరిన్ ఉన్న స్ఫటికాన్ని ఒక తీగచుట్టలో పెట్టి రేడియో తరంగాలు పంపుతారు. కొన్ని కలరా ఉండలలో నాఫ్తలీన్‌కు బదులు వాడే పారా డైక్లోరోబెంజీన్ గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 34 మెగాహెర్ట్జ్ వద్ద స్పందిస్తుంది. వలయం (సర్క్యూట్) కట్టడానికి రేడియో తెలిసినవారు కావాలి, స్ఫటికాన్ని శుద్ధి చేసి పెంచడానికి రసాయనం తెలిసినవారు కావాలి, వచ్చిన పౌనఃపున్యానికి బంధం గురించి అర్థం చెప్పడానికి ఇద్దరూ కావాలి. కాబట్టి శాస్త్రపరంగా మీరు సంకోచించవలసింది ఏమీ లేదు.

ఉద్యోగం సంగతి వేరు, అక్కడ జాగ్రత్త కావాలి. అధ్యాపక నియామకాలలో మొదట చూసేది మీ పీజీ ఏ విషయంలో, నెట్ లేదా సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) ఏ విషయంలో అన్నదే. మీకు రెండూ రసాయన శాస్త్రంలోనే ఉన్నాయి కాబట్టి, పీహెచ్‌డీ నమోదు కూడా రసాయన శాస్త్ర విభాగంలోనే చేయించుకుని, ఆ ఆచార్యులను సహ పర్యవేక్షకులుగా పెట్టుకోవడం అన్నిటికంటే క్షేమం. వేరే విభాగం వారు సహ పర్యవేక్షకులుగా ఉండటానికి 2022 నిబంధనలు అవకాశం ఇస్తున్నాయి, విశ్వవిద్యాలయం ఆమోదం ఉంటే చాలు. దీనికి రసాయన శాస్త్ర విభాగంలో ఒక పర్యవేక్షకులు ఒప్పుకోవాలి; ఇద్దరి మధ్య సఖ్యత ఉందో లేదో ముందే చూసుకోండి. ఇద్దరు పెద్దల పంతాల మధ్య నలిగిపోయిన విద్యార్థులు నాకు తెలుసు, వాళ్ల తప్పేమీ లేకుండా రెండేసి సంవత్సరాలు పోయాయి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. పీహెచ్‌డీకి కనీస కాలం మూడేళ్లు, సాధారణంగా గరిష్ఠం ఆరేళ్లు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) కింద 42,000. ఇంటి అద్దె భత్యం అదనం. డబ్బు సకాలంలో రాని నెలలు ఉంటాయి కాబట్టి రెండు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి. థీసిస్ సమర్పించే ముందు పత్రం అచ్చై తీరాలని యూజీసీ ఇప్పుడు నిర్బంధించడం లేదు, కొన్ని విశ్వవిద్యాలయాలు మాత్రం తమ నియమంగా అడుగుతున్నాయి. మీ చోట ఎలా ఉందో కనుక్కోండి. అడిగినా సరే, డబ్బు కట్టించుకుని వారంలో అచ్చు వేసే పత్రికల జోలికి ఎన్నడూ పోవద్దు.

ఆచార్యులను కలవడానికి వెళ్లినప్పుడు ఆయన పత్రాల జాబితా కంటే ముందు ల్యాబు చూపించమని అడగండి. బల్ల మీద సగంలో ఉన్న ప్రయోగం ఏదైనా కనిపిస్తుందా, పరికరం మీద దుమ్ము ఉందా, గోడకు క్యాలిబ్రేషన్ తేదీ ఎప్పటిది అతికించి ఉంది, ఆయన చివరిసారి స్వయంగా ఒక కొలత ఎప్పుడు తీశారు, వీటిని గమనించండి. సీనియర్ల నోట్సు పుస్తకం ఒకటి చూడనివ్వమనండి. విఫలమైన ప్రయోగాలు కూడా తేదీలతో రాసి ఉంటే ధైర్యంగా చేరవచ్చు.

నోట్సు పుస్తకం గురించి మీరు అడిగినదానికి నా సమాధానం: కొలత తీస్తున్న క్షణంలో రాసేది చేత్తోనే, పేజీ సంఖ్యలున్న గట్టి అట్ట పుస్తకంలోనే రాయండి, గ్రాఫులు, లెక్కలు కంప్యూటరులో ఉంచి, ఆ ఫైలు పేరును అదే పేజీలో రాసిపెట్టండి. విడి కాగితాల మీద రాసి సాయంత్రం ఎక్కించుకుందాం అనుకోవద్దు. బరువు తూచిన అంకె, గది ఉష్ణోగ్రత, ద్రావకం సీసా మీది బ్యాచ్ నంబరు, ఆ రోజు కరెంటు ఎన్నిసార్లు పోయింది, అన్నీ రాయండి. బాల్‌పెన్‌తో మాత్రం రాయకండి, దాని సిరా ఎసిటోన్‌కు, ఆల్కహాలుకు కరిగిపోతుంది. పిగ్మెంట్ సిరా ఉన్న పెన్ను వాడండి. నా పీహెచ్‌డీ రోజుల పుస్తకంలో ఒక పేజీ మీద కడుగుతున్న ఫ్లాస్కు నుంచి ఎసిటోన్ చింది, ఒక పట్టికలో నడుమ నాలుగు వరుసలు నీలి మచ్చగా మారిపోయాయి. అవి రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము రెండు దాకా తీసిన కొలతలు. ఆ శ్రేణి మొత్తాన్ని ద్రావణాలు కలపడం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది.